కొండ దిగే ముందు



వచ్చే వారం మా కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ ఇంటర్ కాలేజీ టోర్నమెంటుకి విశాఖపట్నం వెళ్తోంది. పదహారు మందిమి. పాడేరు, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు, జి.మాడుగుల మండలాల వాళ్ళం. మాలో భగతలున్నారు, కొండదొరలున్నారు, కోందులు, పోర్జలు, కోటియాలు, వాల్మీకులు ఉన్నారు. పదిహేను రోజుల్నుంచి ఎవరు కనిపించినా ఒకటే అడుగుతున్నారు: "ఏరా, ఈసారైనా గెలుస్తారేటి?" దానికి జవాబు మా దగ్గర లేదు. ఎలా తయారవుతున్నామో మాత్రం చెప్పగలం. అదే రాస్తున్నాం. రేపు కబడ్డీకో, వాలీబాల్‌కో, పరీక్షకో, ఇంటర్వ్యూకో కొండ దిగాల్సిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఏమైనా పనికొస్తుందని.

పోయినేడు ఏం జరిగిందో ముందు చెప్పాలి. మ్యాచ్ ఉదయం ఎనిమిదింటికి. దారి ఖర్చుల డబ్బులు ఆఖరి రోజు సాయంత్రం దాకా చేతికి రాలేదు. వచ్చాక, రాత్రి దొరికిన బండెక్కాం. ఘాట్ రోడ్డులో సగం మంది వాంతులు చేసుకున్నారు. తెల్లవారుజామున దిగి, మూసి ఉన్న ఒక షాపు మెట్ల మీద కూర్చుని తెల్లార్చాం. టీ, బిస్కెట్లతో గ్రౌండులోకి దిగాం. ఆరు గోల్స్ పడ్డాయి, అందులో మూడు మొదటి పావుగంటలోనే. అక్కడివాళ్ళు మమ్మల్ని చెడ్డగా ఏమీ చూడలేదు. ఆట అయ్యాక ఒకాయన మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. ఇస్తూ పక్కాయనతో, "ఏజెన్సీ నుంచి వచ్చారండీ, పాపం" అన్నాడు. ఆరు గోల్స్ నెల రోజుల్లో మర్చిపోయాం. ఆ "పాపం" మాత్రం ఇంకా చెవిలోనే ఉంది.

తిరిగొచ్చే బస్సులో ఒక్కో గోలూ లెక్కేసుకున్నాం. ఇది అవతలోడి ఆట బాగుండి పడింది. ఇది నిద్ర లేక కాళ్ళు కదలక పడింది. ఇది గోలుపోస్టు వెడల్పు అందక పడింది. ఇది ఒకరినొకరు గట్టిగా పిలుచుకోడానికి మొహమాటపడి పడింది. అలా లెక్క తేలిస్తే, ఎదుటివాళ్ళ ఆటకి పడ్డవి రెండే. మిగతా నాలుగూ రిఫరీ విజిల్ వెయ్యకముందే పడిపోయిన గోల్స్. ఈ ఏడు మా తయారీ అంతా ఆ నాలుగు గోల్స్ గురించే.

మొదటిది గ్రౌండు. మా గ్రౌండు మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక పక్కకి ఏటవాలు, కింద గెడ్డ. బంతి గట్టిగా తంతే గెడ్డలోకి దిగి తెచ్చుకోవాలి. తడిసిన బంతి బరువెక్కుతుంది. నిబంధన ప్రకారం ఆట మొదలయ్యేటప్పుడు బంతి 410 నుంచి 450 గ్రాములుండాలి. మా బంతిని కిరాణా కొట్టు కాటా మీద పెడితే ముల్లు ఆ గీత దాటి చాలా దూరం పోయింది. ఏటవాలు నేల మీద పెరిగిన కాలికి ఒక అలవాటు పడిపోతుంది. బంతి ఎలాగూ కిందికి జారుతుందని కాస్త పైకి తంతాం. సమతలం మీద అది జారదు, తన్నిన చోటికే పోతుంది. పోయినేడు మేము ఇచ్చిన పాసులన్నీ మనిషికి రెండడుగులు పక్కనుంచి పోయింది అందుకే.

దానికి మందు సంత మైదానం. వారంలో ఆరు రోజులు ఖాళీగానే ఉంటుంది, చదునుగా ఉంటుంది. పొద్దున్నే వెళ్ళి కూరగాయల చెత్త, అడ్డాకులు ఏరిపారేసి అక్కడ పాసులు ఆడుతున్నాం. గోలుపోస్టు సంగతి ఇంకో కథ. మావి వెదురు గడలు, పైన కర్రకి బదులు తాడు. ఎవరు పాతారో, ఏ కొలత చూసి పాతారో ఎవరికీ తెలీదు. అసలు కొలత 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. టేపు తెచ్చి కొలిస్తే మా పోస్టు దాదాపు మీటరు తక్కువుంది. మా గోలీ కొత్తగా పాతిన గడల మధ్య నిలబడి అటూ ఇటూ చూసి, "ఇది గోలా, పశువుల దొడ్డా?" అన్నాడు. మూడు రోజులు నిద్రపట్టలేదట. నాలుగో రోజు నుంచి అడుగులు లెక్కపెట్టుకోవడం మొదలెట్టాడు. ఎడమ గడ నుంచి మధ్యకి ఎన్ని, మధ్య నుంచి కుడికి ఎన్ని అని. ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్తాడు. పెనాల్టీ చుక్క 11 మీటర్లు, ఫ్రీకిక్ గోడ 9.15 మీటర్లు, అన్నిటికీ తాళ్ళు కోసి ముడులేసి పెట్టుకున్నాం. సొంత ఇంట్లో కొలతలు అక్కర్లేదు. పరాయి ఇంటికి పోయేటప్పుడు ఆ ఇంటి కొలత ముందే తెలుసుకుని పోవాలి.

బూట్ల సంగతి కూడా చెప్పాలి. పదహారు మందికి పదకొండు జతలే ఉన్నాయి. గులకరాళ్ళ నేల మీద రబ్బరు బూట్లు చాలు గానీ, గడ్డి మీద కింద గుబ్బలున్న బూట్లు లేకపోతే జారిపోతాం. అందుకని ఎవరి బదులు ఎవరు దిగాలో పాదం సైజు చూసి రాసుకున్నాం. ఏడో నంబరు పాదం బయటికొస్తే ఏడో నంబరు పాదమే లోపలికి. ఇది విని నవ్వేవాళ్ళకి ఒక మాట. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశం టీమ్‌లో ఎక్కువమంది ఉత్త కాళ్ళతోనే ఫ్రాన్స్‌తో ఆడారు. 2-1తో ఓడారు, అదీ రెండు పెనాల్టీలు పోగొట్టుకుని. ఆ టీమ్ కెప్టెన్ తాలిమెరెన్ ఆవో. నాగా ఆదివాసి, ఆవో తెగవాడు. కలకత్తాలో డాక్టరీ చదువుకుంటూ మోహన్ బగాన్‌కి ఆడేవాడు, తర్వాత నాగాలాండ్ తిరిగొచ్చి డాక్టరుగా పనిచేశాడు. స్వతంత్ర భారతదేశం మొదటి ఒలింపిక్స్ ఫుట్‌బాల్ టీమ్‌ని నడిపింది మన లాంటి కొండవాడే. ఇది మనలో ఎంతమందికి తెలుసు?

రెండోది ఒళ్ళు. "మీరు కొండోళ్ళు, మీకు ఊపిరి ఎక్కువ" అని అందరూ అంటారు. అంత నిజం కాదు. పాడేరు ఎత్తు దాదాపు 900 మీటర్లు. ఎత్తు వల్ల రక్తంలో తేడా రావాలంటే దాదాపు 2000 మీటర్ల ఎత్తులో వారాల తరబడి ఉండాలి. మాకు నిజంగా ఎదురయ్యేది వేరే. ఇక్కడ నవంబరు పొద్దున దుప్పటి తియ్యబుద్ధి కాదు. అక్కడ సముద్రం పక్కన అదే నెలలో ఎండెక్కితే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. వేడిలో పరుగెత్తడానికి ఒళ్ళు అలవాటు పడాలంటే వారం, పది రోజులు పడుతుంది. అందుకే తెల్లవారి ప్రాక్టీసుతో పాటు, రోజు విడిచి రోజు మిట్టమధ్యాహ్నం కూడా దిగుతున్నాం. మొదట ఇరవై నిమిషాలు, తర్వాత అరగంట, ఇప్పుడు యాభై.

ఇక్కడ ఒక విషయం దాచకుండా రాయాలని టీమంతా అనుకున్నాం. మన ప్రాంతంలో సికిల్ సెల్ గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక రక్తపరీక్షలు చేసి కార్డులు కూడా ఇస్తున్నారు. మా టీమ్‌లో ఒకడికి కార్డులో "క్యారియర్" అని వచ్చింది. ఆ రోజు నుంచి వాడు ప్రాక్టీసుకి రావడం మానేశాడు. ఎవరికీ చెప్పలేదు. నలుగురం వెళ్ళి కూర్చుంటే చెప్పాడు. వాణ్ణి తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరుగారు చెప్పింది ఇది: జబ్బు ఉండటం వేరు, తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువు మాత్రమే రావడం వేరు. క్యారియర్‌కి ఆట నిషేధం కాదు. అయితే ఎండలో, నీళ్ళు తాగకుండా, ఆగకుండా ఒళ్ళు విరిచి పరుగెత్తితే ప్రమాదం. కండరాలు దెబ్బతిని మనిషి కూలిపోవచ్చు. కాబట్టి నీళ్ళు ఎక్కువ తాగాలి, శ్రమ మెల్లగా పెంచుకోవాలి, ఒంట్లో తేడాగా ఉంటే ఆ క్షణమే ఆపేయాలి.

అప్పట్నుంచి నియమం ఒక్కడికి కాకుండా టీమంతటికీ పెట్టాం. ప్రతి పావుగంటకీ అందరం ఆగుతాం, అందరం తాగుతాం. లీటరు కాచిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి, పోగు పోయకూడదు. ఎవడు కూర్చున్నా "ఏరా, అయిపోయిందా?" అని ఎగతాళి చెయ్యకూడదు. అలా ఎగతాళి చేసినోడు గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొట్టాలి. వాడు తిరిగొచ్చాడు. కుడి పక్క ఆడుతున్నాడు. మీ టీముల్లో కూడా కార్డు చూసి మౌనంగా మానేసినవాళ్ళు ఉంటారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

మూడోది ఇల్లు. ఆడేది మేమే గానీ, మమ్మల్ని పంపాల్సింది ఇళ్ళు. నవంబరు అంటే కాఫీ పండ్లు ఎర్రబడే కాలం. వరి కోత కూడా దగ్గరపడింది. ఇంట్లో ఒక జత చేతులు తగ్గితే ఆ నష్టం ఎవరు కడతారు? మా గోలీ వాళ్ళమ్మ కుదరదంటే కుదరదంది. "బంతాట కూడెడతాదేటి బాబూ? పండు రాలిపోతే ఏడాది బతుకు రాలిపోద్ది" అంది. ఆమె మాటలో తప్పేముంది? ఆ పండు అమ్మితేనే వాడి చెల్లి ఫీజు, వాళ్ళ నాన్న మందులు. ఆటల గొప్పతనం గురించి అక్కడ ఉపన్యాసం ఇచ్చే మొహాలు కావు మావి.

అందుకని రెండు ఆదివారాలు టీమంతా వాళ్ళ తోటకెళ్ళింది. పదహారు మంది, సిల్వర్ ఓక్ చెట్ల కింద, మిరియం తీగల మధ్య, నడుముకి బుట్టలు కట్టుకుని. పచ్చి కాయ తెంపకూడదు, ఎర్ర పండే తెంపాలి, కాడ విరక్కూడదు. మాలో సగం మందికి అది చిన్నప్పట్నుంచీ వచ్చిన పనే. రెండో ఆదివారం మధ్యాహ్నం చోడి అంబలి పోస్తూ ఆ అమ్మ, "కూలెంత ఇమ్మంటారర్రా?" అని అడిగింది. కెప్టెన్ అన్నాడు: "కూలొద్దమ్మా. నాలుగు రోజులు మీ అబ్బాయినియ్యి." ఆమె నవ్వింది. సరేనంది. ఇంకో రెండు తోటల్లో మాత్రం కూలి తీసుకున్నాం. ఆ డబ్బు ఈసారి బస్సు చార్జీలకి. రావాల్సిన డబ్బు ఎప్పుడొస్తే అప్పుడు రానీ. అది వచ్చేదాకా కూర్చుంటే మళ్ళీ ఆ మెట్ల మీదే తెల్లారుతుంది. ఒక రోజు ముందే, పగటిపూటే దిగుతున్నాం. విశాఖలో చదువుకుంటున్న సీనియర్ అన్నలు తమ రూముల్లో చోటిస్తామన్నారు. కడుపు నిండా తిని పొట్ట మీద చెయ్యేసుకుని పడుకుంటాం. నాలుగు గోల్స్‌లో ఒకటి ఆ నిద్రలోనే ఆగిపోవాలి.

నాలుగోది మాట. మాకిదే అన్నిటికంటే కష్టమైంది.

మా టీమ్‌లో హిస్టరీ చదివే కుర్రాడొకడు ఒక రాత్రి హాస్టల్లో కార్లైల్ కథ చెప్పాడు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో 1879లో ఒక పాత సైనిక బారకుల్లో పెట్టిన బడి. అక్కడి మూలవాసుల పిల్లల్ని దూరదూరాల నుంచి తెచ్చి అందులో చేర్చారు. జుట్టు కత్తిరించారు. పేర్లు మార్చారు. సొంత భాష మాట్లాడితే శిక్షించారు. వాళ్ళలోని ఆదివాసిని తీసేసి మనిషిని చేస్తామన్నది ఆ బడి పెట్టినవాళ్ళ ఆలోచన. చాలామంది పిల్లలు అక్కడే చనిపోయారు. వాళ్ళ అవశేషాల్ని సొంత తెగలకి తిరిగివ్వడం 2017 నుంచి జరుగుతోంది.

ఆ బడికి ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉండేది. వాళ్ళది చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్, మన ఆట కాదు. అయినా మా పరిస్థితికి దగ్గరగా ఉన్నది ఒకటుంది. ఆ టీమ్ పెద్ద మ్యాచులు దాదాపు అన్నీ పరాయి గ్రౌండులోనే ఆడింది. రైలెక్కి వెళ్ళడం, వేల మంది ఎదుటి పక్షం జనం మధ్య ఆడటం, మళ్ళీ రైలెక్కడం. 1911లో హార్వర్డ్‌కి వెళ్ళి 18-15తో గెలిచారు. సాక్ అండ్ ఫాక్స్ తెగవాడైన జిమ్ థోర్ప్ ఆ రోజు నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. 1912 నవంబరు 9న వెస్ట్ పాయింట్‌కి, అంటే సైనికాధికారుల్ని తయారుచేసే కాలేజీకి వెళ్ళి, ఆ సైన్యం టీమ్‌నే 27-6తో ఓడించారు. ఓడినవాళ్ళలో ఐసెన్‌హోవర్ ఉన్నాడు, తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయ్యాడు. వీళ్ళ తాతముత్తాతల్ని తరిమింది ఆ సైన్యమే.

కథ విని అందరం చప్పట్లు కొట్టాం. అప్పుడు ముంచింగిపుట్టు తమ్ముడు అడిగాడు: "అన్నా, గెలిచాక వాళ్ళు ఏ భాషలో అరిచుంటారు?"

ఎవరం మాట్లాడలేదు. ఎందుకంటే పోయినేడు విశాఖలో మేము ఏ భాషలో అరిచామో అందరికీ గుర్తొచ్చింది. మమ్మల్ని ఎవరూ శిక్షించలేదు. ఎవరూ నోరు మూసుకోమనలేదు. అయినా మన యాస విని నవ్వుతారని మేమే గొంతు తగ్గించుకున్నాం. వెనకనుంచి మనిషి వస్తున్నాడని చెప్పాల్సిన డిఫెండరు, ఏ మాటలో చెప్పాలా అని ఒక్క క్షణం ఆగాడు. ఫుట్‌బాల్‌లో ఒక్క క్షణమంటే గోలే.

మా ఇళ్ళల్లో భాషలు వేరు. కొందరిది కువి, కొందరిది ఆదివాసీ ఒడియా, కొందరిది తెలుగు. కానీ ఒడిశా సరిహద్దు సంతల్లో అందరూ బేరమాడేది ఆదివాసీ ఒడియాలోనే, మాలో ఎక్కువమందికి అది వచ్చు. రానివాళ్ళు నేర్చుకున్నారు. ఎడమ, కుడి, వెనక మనిషి, వదిలెయ్, కొట్టు, నేనున్నా. ఇలాంటివి పది మాటలు చాలు ఆటకి. ఇప్పుడు ప్రాక్టీసులో ఆ పది మాటలే, గొంతు పగిలేలా. ఎదుటివాళ్ళకి అర్థం కాదు, అదొక లాభం. అసలు లాభం వేరే ఉంది. సొంత మాటలో అరిచినప్పుడు ఒళ్ళు బిగుసుకోదు. కావాలంటే ఒకసారి అరిచి చూడండి.

కార్లైల్ కథలో ఇంకో ముల్లుంది. వాళ్ళ ఆటకి వచ్చిన డబ్బూ పేరూ బడి ఖాతాలోకి పోయాయి. థోర్ప్ 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో గెలిచిన రెండు బంగారు పతకాల్ని మరుసటేడే లాగేసుకున్నారు. ఆయన చనిపోయిన చాలా ఏళ్ళకి, 1983లో, కుటుంబానికి తిరిగిచ్చారు. రికార్డుల్లో ఆయనొక్కణ్ణే విజేతగా రాయడానికి 2022 దాకా పట్టింది. అంటే మైదానంలో గెలవడం ఒక్కటే చాలదు. ఎవరి కోసం ఆడుతున్నామో, ఆ ఆట ఎవరి పేరు మీద మిగులుతుందో కూడా ముందే తేల్చుకోవాలి. అందుకే ఈసారి కెప్టెన్‌ని మేమే చేతులెత్తి ఎన్నుకున్నాం. లెక్కల పుస్తకం మా దగ్గరే ఉంది. ఎన్ని కిలోల పండు కోశాం, ఎంత కూలి వచ్చింది, ఎవరు బూట్లిచ్చారు, అన్నీ అందులో రాశాం. గెలిచినా ఓడినా ఈ ఏడు ఏం జరిగిందో వచ్చే ఏడు టీమ్ చదువుకుంటుంది. పోయినేడు టీమ్ నుంచి మాకు అలాంటి కాగితం ఒక్కటీ లేదు, గుర్తున్నవాళ్ళ నోటిమాట తప్ప.

మా ఆలోచన ఇదీ. కొండ దిగి ఏ పనికి వెళ్ళినా మనకది పరాయి గ్రౌండే. కాలేజీ సీటుకి వెళ్ళినా, సర్టిఫికెట్టు కోసం ఆఫీసు కౌంటరు ముందు నిలబడినా, ఉద్యోగం ఇంటర్వ్యూకి కూర్చున్నా అంతే. అక్కడ ఓడితే "వీళ్ళకి రాదు" అంటారు. మనమూ నమ్మేస్తాం. ఎన్ని గోల్స్ ఆట వల్ల పడ్డాయి, ఎన్ని నిద్ర లేక, తిండి లేక, కొలత తెలీక, గొంతు లేవక పడ్డాయి అని విడదీసి లెక్కెయ్యం. విడదీస్తే సగానికి పైగా సరిదిద్దుకోగలిగినవే కనిపిస్తాయి. ఆటలో మనకంటే మెరుగైనవాడితో ఓడితే చెయ్యి కలిపి వచ్చేద్దాం, అందులో సిగ్గు లేదు.

ఇక మీతో పని. విశాఖలో హాస్టళ్ళలో, రూముల్లో ఉండి చదువుకుంటున్న అన్నలూ అక్కలూ, మ్యాచ్ శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి. క్లాసు లేనివాళ్ళు గ్రౌండుకి రండి. పదిమంది వచ్చినా చాలు. డప్పు ఉంటే తెండి. గట్టు మీద నిలబడి మీ ఇంటి మాటలో అరవండి. కువిలో అరవండి, ఒడియాలో అరవండి, మన తెలుగులో అరవండి. మా గోలీకి ఎడమ చెవి కాస్త మందం, కుడి గడ వైపు నిలబడితే బాగా వినపడుతుంది.

ఏడో నంబరు బూట్లు ఎవరి దగ్గరైనా ఉంటే గురువారం సాయంత్రంలోగా చెప్పండి. స్కోరు ఎంతైనా, శుక్రవారం రాత్రి ఇక్కడే రాస్తాం.